కందెనతో రేపల్లె దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు మా తెనాలిలో వీధికి పదిమంది ఉన్నారు. రామేశ్వరం చూసొచ్చినవాళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు, అడగకపోయినా వాళ్ళే చెబుతారు. కాని తెనాలిలో బయలుదేరి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్ణించి కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె, మళ్ళీ భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి, ఇలా ఒక చుట్టు చుట్టి నాలుగు రోజుల్లో ఇంటికి చేరిన యాత్రికుణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. బస్సులో పోయినవాళ్ళను నేను లెక్కవెయ్యను. బస్సులో కూర్చున్నవాడికి కింద చక్రమనేది ఒకటుందన్న సంగతే గుర్తుండదు.

నా కారు మా అబ్బాయి రాంబాబు కంటే రెండేళ్ళు చిన్నది. మా చివరి జత ఎద్దులను అమ్మేసిన ఏడు కొన్నాను. అప్పటికే ముగ్గురు డాక్టర్ల చేతులు మారింది. ముగ్గురు డాక్టర్లు చూసినా బతికిందంటే గట్టిపిండమని అప్పుడే అనుకున్నాను. దాంతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని మూడేళ్ళు చదివాను. ఇంగ్లీషులో ఎదుటివాణ్ణి బాగున్నావా అని అడగడం నాకు ఇప్పటికీ రాదు. ముందు చక్రాల బేరింగులు ఎలా పరీక్షించాలో మాత్రం ఆ భాషలోనే పేజీలకు పేజీలు అప్పజెప్పగలను.

ఇది ఎనభైల చివర్లో, ఒక శీతాకాలం మాట. రాంబాబు సహకార బ్యాంకులో గుమాస్తా. వాడు నాకు చెప్పకుండా పాతసామాన్ల వ్యాపారిని ఇంటికి పిలిచాడు. ఆ వ్యాపారి కారు చుట్టూ ఒకసారి తిరిగి, డోరు మీద వేలితో తట్టి, గుమ్మడికాయ కొనేవాడిలా తల ఊపాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవణ్ణడిగి తీసుకొచ్చావురా?"

"నాన్నా, ఇది ఊరు దాటదు. వీధి చివర దాకా పోయి నలుగురిచేత తోయించుకుని వస్తది. ఎందుకీ బాధ?"

"ఊరు దాటదా? ఏ ఊరు దాటాలో చెప్పు!"

రాంబాబు లెక్కలమనిషి. ఆలోచించి చెప్పాడు. "బాపట్ల, రేపల్లె చుట్టి రండి. ఎవరూ తాడు కట్టి లాక్కురాకుండా, దాని కాళ్ళమీద అది ఇంటికొస్తే మళ్ళీ నేను దాని ఊసెత్తను. తాడు కట్టారా, ఆ సాయంత్రమే తూకం."

"సాక్షి ఎవరు?"

"అమ్మ."

మా ఆవిడ సామ్రాజ్యం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "సముద్రం చూపిస్తారా?"

తెనాలి: బయలుదేరేముందు

బేరింగులు చూడటం తెలియనివాడు సొంత చక్రాలమీద దూరప్రయాణం పెట్టుకోకూడదు. మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. ఊగే పన్నులా టకటకమంటే బేరింగు వదులైందన్నమాట. తరువాత గిర్రున తిప్పి చెవి ఒగ్గండి. మంచి బేరింగు మాట్లాడదు. చెడ్డది తిరగలి తిప్పినట్టు గరగరలాడుతుంది. ఇక మూత ఊడదీసి, నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను లాగి, నట్టు విప్పితే బేరింగు చేతిలోకి వస్తుంది. దాన్ని కిరసనాయిల్లో కడిగి, దాంట్లో తిరిగే ఉక్కు రోలర్లను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూడాలి. నీలంరంగు తిరిగితే వేడికి కాలింది. గీతలు పడితే లోపల ఏదో గరుకుది దూరింది.

మా కారు ముందు చక్రాలు రెండింట్లోనూ బేరింగులు అద్దంలా ఉన్నాయి. కడిగి ఆరబెట్టాను. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచును దానికేసి నొక్కి నొక్కి, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఎక్కించాలి. పైపైన పూసి మూతేసేవాడు మెకానిక్కు కాడు, బొట్టు పెట్టేవాడు. కుడి చక్రం అయింది. ఎడమ చక్రానికి వచ్చేసరికి డబ్బాలో గ్రీజు అయిపోయింది.

బజారుకు పోతే పది నిమిషాల పని. పోలేదు. పశువుల కొట్టం దూలానికి మా నాన్న కందెన గొట్టం వేలాడుతూ కనిపించింది.

కందెనంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడగట్టేవాళ్ళు. ఇరుసు కిర్రుమంటే తీసి రాసేవాళ్ళు. మా నాన్న దాంతోనే ఏటా కోటప్పకొండ తిరనాళ్ళకు బండి కట్టుకుని పోయి వచ్చాడు. ఇరుసు ఎన్నడూ ఏడవలేదు. బజారు గ్రీజులో ఏం కలుపుతున్నారో ఎవడు చూశాడు? రెండు చక్రాలు, రెండు మందులు, దారి మాత్రం ఒక్కటే. ఏది గెలుస్తుందో చూద్దామనిపించింది. గొట్టంలో గట్టిపడ్డ కందెనను గీకి, సామ్రాజ్యం సీసాలోంచి కాస్త ఆముదం పోసి మెదిపి, ఎడమ చక్రానికి పట్టించాను. నట్టు మాత్రం రెండింటికీ పుస్తకంలో ఉన్నట్టే బిగించాను. చక్రం తిప్పుతూ పట్టేసేదాకా బిగించి, మళ్ళీ పిన్ను దూరేంత వెనక్కి వదలాలి. ఈ కందెన సంగతి ఎవరికీ చెప్పలేదు. పరీక్ష పూర్తి కాకుండా ఫలితం చెప్పేవాణ్ణి కాను నేను.

పొన్నూరు: చెయ్యి పెట్టి చూడటం

శుక్రవారం పొద్దున బయలుదేరాం. పొన్నూరులో టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీ ప్లేటు రూపాయిన్నర. ధర మీద నాకు పేచీ లేదు, చట్నీ మీద ఉంది. తెనాలిలో చట్నీ అయిపోతే అడక్కుండానే వేస్తారు. ఇక్కడ అడిగితే మన మొహం చూసి, ప్లేటు చూసి, ఆ తరువాత వేస్తారు. ఈ రెండు ఊళ్ళ మధ్య పాతిక కిలోమీటర్ల దూరమే. ఇంతలోనే మనుషుల్లో ఇంత మార్పు రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

కారు ఆగిన ప్రతిచోటా చక్రం నడిమి మూతమీద అరచెయ్యి పెట్టి చూడాలి. చంటిపిల్లకు పోసే నీళ్ళంత వెచ్చగా ఉంటే క్షేమం. కుడిది అలాగే ఉంది. ఎడమది సర్వరు అప్పుడే తెచ్చిన కాఫీ గ్లాసంత ఉంది.

"ఏంటండీ, చెయ్యి అలా విదిలించుకున్నారు?" అంది సామ్రాజ్యం.

"ఎండకు కాలింది."

"నీడలో కదా ఆపారు."

ఆడవాళ్ళు సాక్షులుగా ఉంటే ఇదే చిక్కు. అడగని వాటికి కూడా సాక్ష్యం చెబుతారు.

బాపట్ల, సూర్యలంక: ఇసక

బాపట్లలో స్టేషను దగ్గర లాడ్జిలో దిగాం. పెసరట్టు బాగుంది. అల్లం ముక్కలు మా ఊళ్ళో కంటే సన్నగా తరుగుతారు. ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. ఆ ఊరివాళ్ళ మర్యాద మాత్రం కొత్తరకం. దారి అడిగితే చెప్పడంతో ఆగరు. సైకిలెక్కి మన ముందు తొక్కుకుంటూ వచ్చి చూపిస్తారు. తరువాత మనం వాళ్ళను తిరిగి దిగబెట్టాలి.

శనివారం పొద్దున సూర్యలంక వెళ్ళాం. సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు దాటాక సామ్రాజ్యం మాట్లాడటం మానేసింది. సముద్రం కనిపించగానే చెప్పులు కారులోనే వదిలేసి నడిచింది. మోకాళ్ళ లోతున నిలబడి, అలలకు వీపు తిప్పి, వచ్చిన ప్రతి అలనూ నడుముతో ఎదుర్కొంది. నలభై ఏళ్ళ కాపురంలో అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఇంట్లో నవ్వడానికి ఏం అడ్డొచ్చిందని అడిగితే, "ఇంట్లో ఇంత చోటెక్కడుందండీ" అంది.

నేను ఆవిడ తడిబట్టలతో నడవక్కర్లేకుండా కారును కాస్త ముందుకు తెద్దామనుకున్నాను. వెనకచక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. ముందుకు పోదు, వెనక్కి రాదు. వల సర్దుకుంటున్న పల్లెవాళ్ళు ఆరుగురు వచ్చి, పడవను ఒడ్డుకు నెట్టేటప్పుడు పెట్టే కేకే పెట్టి, రెండు ఊపుల్లో బయటికి తోసేశారు. తోశారు. లాగలేదు. తాడు కట్టలేదు. ఈ ముక్క అక్కడే సామ్రాజ్యంతో మూడుసార్లు చెప్పాను.

వాళ్ళకు డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. వాళ్ళలో ఒకతని అక్క, పోలేరమ్మ అనే చేపలావిడ, గంప చూపించింది. "డబ్బులెందుకు బాబాయ్. నన్నూ నా గంపనీ బాపట్ల మార్కెట్టు కాడ దించు. అదే పదివేలు."

గంప డిక్కీలోకి, పోలేరమ్మ వెనకసీట్లోకి ఎక్కారు. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. పొన్నూరు దాటినప్పటినుంచీ ఎడమ చక్రం దగ్గర కాగిన ఆముదం వాసన కాస్త కాస్త వస్తోంది. ఇక చేపల వాసనలో ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

రెండు మైళ్ళు పోయాక పోలేరమ్మ వెనకనుంచి ముందుకు వంగింది.

"బాబాయ్, నీ బండి ఏడుస్తంది."

"పాతబండి. అలాగే ఉంటుంది."

"అట్టా కాదు. నువ్వు కుడికి తిప్పినప్పుడల్లా ఏడుస్తంది. ఎడంకి తిప్పితే ఊరుకుంటంది."

"అంటే కుడి చక్రమా అమ్మా చెడింది?" అని సామ్రాజ్యం అడిగింది.

"కాదు పిన్నీ. నెత్తిన గంప పెట్టుకుని బిరబిరా పోతా కుడికి తిరుగు. బరువు ఏ కాలి మీదికి తోస్తది? ఎడంకాలి మీదికి. దీనికి ఎడంకాలు నొప్పి."

నేను మూడేళ్ళు నిఘంటువు తిరగేసి తెలుసుకున్న విషయాన్ని ఆవిడ గంప మోసి తెలుసుకుంది. పుస్తకంలో సరిగ్గా అలాగే రాసి ఉంది. నాకు ఎంత మండిందో చెప్పలేను.

"ఇసక దూరి ఉంటుంది," అన్నాను. "మీ సముద్రం ఇసకే."

"మా ఇసక వెనకచక్రాలకి కదా బాబాయ్ తగిలింది," అంది పోలేరమ్మ. మార్కెట్టు దగ్గర దిగి, కారు ముందుభాగాన్ని చేత్తో ఒకసారి నిమిరి, "జాగ్రత్తమ్మా" అంది. నాతో కాదు, కారుతో.

చెరుకుపల్లి దాటాక: తాడు

రేపల్లె వరకూ వెళ్ళాలని పట్టుదల నాది. తెనాలి నుంచి వచ్చే రైలు కూడా అక్కడ ఆగిపోయి ఇక నావల్ల కాదంటుంది. అలాంటి చోటికి నా కారు పోయి, ఆ తరువాత వెనక్కి తిరిగి రావాలి.

ఆదివారం పొద్దున బాపట్లలో బయలుదేరేటప్పుడు సామ్రాజ్యం చెంబుతో నీళ్ళు తెచ్చి ఎడమ చక్రం మీద పోసింది. కాడి రాసుకుని మెడ కందిన ఎద్దుకు పోసినట్టు పోసింది. వద్దన్నాను. కందెనలోకి నీళ్ళు దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. వద్దనడానికి కారణం చెప్పలేకపోయాను.

కర్లపాలెం దాకా కూనిరాగం. చెరుకుపల్లి దాకా సన్నాయి. అది దాటాక కంచుగిన్నెను గచ్చుమీద ఈడ్చిన చప్పుడు. కాలవ పక్కన ఆపి దిగేసరికి ఎడమ చక్రం మూత సందులోంచి సన్నగా పొగ వస్తోంది. గారెలు వేగుతున్న వాసన.

జాకీ వేసి, మూత తీసి, నట్టును ఒక్క గాడి వెనక్కి వదిలాను. వేడికి ఉబ్బిన బేరింగుకు కాస్త ఊపిరాడుతుంది. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడే వడ్లబస్తాలతో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ఎవరి తాలూకు కుర్రాడో, చాలా మంచివాడు. ఆ సమయంలో అంత మంచివాణ్ణి చూస్తే భయమేసింది.

"ఏంటి మావయ్యా, చక్రం పట్టేసిందా? తాడుంది. కట్టేస్తా. పావుగంటలో రేపల్లెలో ఉంటారు."

"అక్కర్లేదు."

"డబ్బులేం వద్దు మావయ్యా!"

"అక్కర్లేదన్నానా!"

వాడు సామ్రాజ్యం వైపు చూశాడు. సామ్రాజ్యం నా వైపు చూసింది. ఆవిడ ఒక్క ముక్క అంటే అక్కడితో అయిపోయేది. తాడు కట్టేవాళ్ళు, సాయంత్రానికి హాయిగా ఇల్లు చేరేవాళ్ళం, ఆ వెంటనే గేటు ముందు తక్కెడ దిగేది. ఆవిడ కారులోంచి దిగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "నువ్వు పో నాయనా. ఈయన వస్తారు" అంది. తరువాత నాతో, "నేను నడుస్తా. బరువు తగ్గుద్ది" అంది.

నేను మొదటి గేరులో, మనిషి నడకతో బయలుదేరాను. కోతలయిన పొలాల్లో మేసి వస్తున్న బాతుల మంద ఒకటి రోడ్డెక్కింది. బాతులు నా కారును దాటిపోయాయి. ఒక్కొక్కటే తల తిప్పి లోపలికి చూసి మరీ పోయాయి. వాటి వెనక కర్ర పట్టుకుని వచ్చే ముసలాయన, "హారను కొట్టు పెద్దాయనా, తప్పుకుంటాయి" అన్నాడు. ముందుకు పోయినవి తప్పుకోవడం ఏమిటి? అప్పటికి సామ్రాజ్యం వాటికంటే కూడా ముందుంది. ఒకచోట జామకాయలు కొని, ఒక కాయ తిని, మైలురాయి మీద కూర్చుని కాసేపు నా కోసం చూసి, విసుగుపుట్టి మళ్ళీ నడిచింది.

రేపల్లె: పళ్ళతో వినే మనిషి

నేను రేపల్లె ఊళ్ళోకి దిగేసరికి సామ్రాజ్యం లూథరన్ చర్చి గేటు ముందు నిలబడి ఉంది. ఆరాధన అప్పుడే ముగిసింది. ఆవిడ పక్కన తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో బైబిలుతో ఒక యాభై ఏళ్ళాయన ఉన్నాడు.

"ఈయన దేవసహాయంగారు. ఇక్కడ రైసుమిల్లులో ఫిట్టరు. ఊళ్ళోకి రాగానే చక్రాల డాక్టరెవరని అడిగితే అందరూ ఈయన పేరే చెప్పారు," అంది.

"నమస్కారం బాబాయిగారండీ," అన్నాడు దేవసహాయం, అవసరానికి మించి గట్టిగా. "ఆదివారం పనిముట్టు ముట్టనండి. వినడానికైతే అభ్యంతరం లేదండి."

కారును వాళ్ళ ఇంటిముందుకు తెచ్చి చక్రం లేపాం. ఆయన దూలం మీంచి జానెడు టేకు పుల్ల ఒకటి తీశాడు. ఒక కొస చక్రం నడుమ ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టి, కళ్ళు మూసుకుని, తిప్పండని చేత్తో సైగ చేశాడు. నేను తిప్పాను.

"ఇదేం వినడమండీ?" అన్నాను.

పుల్ల తీసి చెప్పాడు. "ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేశానండి. చెవులు మిల్లు తినేసింది. పళ్ళు మిగిలాయి. మోటారు లోపల చీమ నడిచినా పంటికి తెలుస్తదండి." మళ్ళీ కరిచాడు. ముఖం చిట్లించాడు. "చక్రానికి రెండుంటాయి కదండీ, బయటి బేరింగు పోయిందండి. లోపలిది ఇంకా బతికే ఉంది. లోపల గరుకుదేదో ఉందండి."

"సూర్యలంక ఇసక," అన్నాను వెంటనే.

ఆయన నన్ను చూసి, పుల్ల కొసను చూసి, వాసన చూశాడు.

భోజనం చెయ్యకుండా పోనివ్వలేదు. దేవసహాయం భార్య గ్రేసమ్మ బడిపంతులమ్మ. ఆదివారం కోడికూర. మసాలా మా ఇళ్ళలో కంటే తక్కువ, మిరియం ఎక్కువ. సామ్రాజ్యం ఎవరింట్లో తినాలో ఎవరింట్లో తినకూడదో పుట్టింటినుంచి పెద్ద జాబితా తెచ్చుకున్న మనిషి. ఆ రోజు రెండోసారి కూర అడిగి వేయించుకుంది. నేను ఆశ్చర్యంగా చూస్తే, "ఏంటి చూస్తారు? ఆరు మైళ్ళు నడిచాను" అంది. ఆరు కాదు, రెండు. నేను సరిదిద్దలేదు.

రేపల్లె, సోమవారం: సముద్రంలో ఆముదం

మర్నాడు మిల్లు ఆవరణలో చక్రం నడిమి హబ్బు విప్పారు. చుట్టూ వడ్లబస్తాలు, ఊకగుట్టలు. దేవసహాయం బేరింగును బయటికి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. కాటుక డబ్బాలో పడేసి తీసినట్టుంది. రోలర్లు నీలంగా కాలి, గీతలు పడి ఉన్నాయి. రెండు వేళ్ళ మధ్య ఆ నల్ల ముద్దను నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాబాయిగారండీ, సముద్రంలో ఆముదం ఎప్పటినుంచి దొరుకుతోందండీ?"

బస్తాలు మోసేవాళ్ళు ఇద్దరు ఆగి నిలబడ్డారు.

"తెనాలిలో మెకానిక్కు ఒకడున్నాడు..." అని మొదలుపెట్టాను.

"ఉండండి," అన్నాడాయన. బేరింగును కిరసనాయిల్లో ముంచి తుడిచి, రింగు అంచున చెక్కిన నంబరును వెలుతురుకు పెట్టి చదివాడు. లోపలికి పోయి, తుప్పుపట్టిన బీరువాలోంచి కాగితం చుట్టిన పొట్లం తెచ్చి విప్పాడు. కొత్త బేరింగు. అదే నంబరు.

"ఇదెక్కడిదండీ? కారు బేరింగు మిల్లులో ఎందుకుంది?"

"మిల్లుదేనండి. పొట్టుతీసే యంత్రానికి వేస్తాం. బేరింగుకు కారూ మిల్లూ తెలియదండి. నంబరు ఒకటైతే అదే ఇది, ఇదే అది. యజమానినడిగి ఉంచాను. అయితే ఇది ఒక్కటే ఉందండి." పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు నిజం చెప్పాలండి. ఇందులో ఏం పెట్టారు? కుడి చక్రంలో కూడా అదే ఉందా? ఉంటే దారిలో అది పోతది. రెండోది నా దగ్గర లేదు. మీకు తాడే గతి. లేకపోతే దాన్ని విప్పక్కర్లేదు. గంటలో పంపిస్తాను."

మూడేళ్ళు చదివిన పుస్తకం ఆ క్షణాన నాకు ఒక్క మాటా అందివ్వలేదు. తెనాలి మెకానిక్కు మీద పెడితే, రెండు చక్రాలూ వాడే చూశాడని చెప్పాలి. అప్పుడు రెండూ విప్పుతారు. కుడిదాంట్లో మంచి గ్రీజు చూసి ఎలాగూ కనిపెడతారు. చెప్పకపోతే కారు పోతుంది. చెబితే పరువు పోతుంది. ఆలోచించాను. పరువుకు తూకం వేసి కొనేవాడెవడూ మా ఇంటికి రాలేదు. కారుకైతే వచ్చి ఉన్నాడు.

"కుడిదాంట్లో బజారు గ్రీజు," అన్నాను. "ఎడమదాంట్లో మా నాన్న కందెన. పెట్టింది నేనే."

దేవసహాయానికి నవ్వు ఆగలేదు. కాని చప్పుడు చెయ్యకుండా నవ్వాడు, భుజాలు మాత్రం ఊగాయి. "ఏ ఎద్దు లాగుతోందండీ దీన్ని?"

"నవ్వకండి! మా నాన్న కోటప్పకొండకు..."

"పోయి ఉంటారండి. బండి ఎద్దు నడకతో పోతదండి. చెక్కా ఇనుమూ మెల్లగా రాసుకుంటాయి. సందుల్లో మసి నిండితే మెత్తగానే ఉంటది. ఇదో? మీరు రోడ్డెక్కితే గిర్రున బొంగరంలా తిరుగుద్ది. రోలరు కింద మసిపడితే ఉప్పుకాగితమే కదండీ." ఆయన సామ్రాజ్యం వైపు తిరిగాడు. "పిన్నిగారూ, మీకు తెలుసాండి?"

"సీసాలో ఆముదం గురువారం నిండుగా ఉంది. శుక్రవారం సగముంది," అంది సామ్రాజ్యం జామకాయ కోస్తూ. "ఈయన తలకు రాసుకునే మనిషి కాదు. ఆ మీదట కారు వాసన. చేపల వాసన వెనకనుంచి వచ్చింది నాయనా, ఆముదం వాసన ముందునుంచి వచ్చింది."

"మరి అక్కడే చెప్పలేదేమే?" అన్నాను నేను.

"ఎంతదూరం బొంకగలరో చూద్దామని. రేపల్లె దాకా బొంకారు."

బస్తాలవాళ్ళు కూడా నవ్వారు. ఇక నేను కిరసనాయిలు గిన్నె ముందు కూర్చుని హబ్బు లోపలంతా స్వయంగా కడిగాను, మూడుసార్లు, చివరి కిరసనాయిలు తేటగా మిగిలేదాకా. దేవసహాయం పాత రింగును ఇత్తడి కడ్డీతో తట్టి దించి, కొత్తది కూర్చోబెట్టాడు. గ్రీజు నన్నే ఎక్కించమన్నాడు. నా అరచేతి పని చూసి, "పని మీకు వచ్చండి. మందే తప్పు" అన్నాడు. చివర నట్టు నేను బిగించి వదిలాక పుల్ల పళ్ళతో కరిచి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదండి. మాట్లాడని బేరింగు మంచిదండి." పుల్ల తీశాడు. "నట్టు ఇంత సరిగ్గా వదిలేవాళ్ళు మా మిల్లులో కూడా లేరండి." ఆ మాట ఆయన సామ్రాజ్యం వినేలా గట్టిగా అన్నాడు. ఆయన అన్నీ గట్టిగానే అంటాడనుకోండి.

భట్టిప్రోలు, వేమూరు, ఇల్లు

భట్టిప్రోలులో ఆగి చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. వేమూరులో సామ్రాజ్యం దిగి తనే చెయ్యి పెట్టి చూసింది. చూసి, "చంటిపిల్ల నీళ్ళు" అంది. ఈ మాట ఎప్పుడు నేర్చుకుందో!

తెనాలిలో మా వీధి మలుపు తిరిగేసరికి పాతసామాన్ల వ్యాపారి మా అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పక్కన తాడు చుట్ట కూడా ఉంది. రాంబాబు గేటు తీశాడు. కారు దాని కాళ్ళమీద అది లోపలికి వచ్చి, ఎప్పుడూ ఆగే చోట ఆగింది.

"అమ్మా, తాడు కట్టారా?"

సామ్రాజ్యం కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగింది. ఆ చెంబు ఎప్పటికీ ఖాళీ కాదేమో అనిపించింది.

"ఇసకలో దిగబడితే తోశారు. బాతులు దాటి పోయాయి. రెండు మైళ్ళు నేను నడిచాను," అంది. "తాడు మాత్రం కట్టలేదు. ఒకడు కడతానంటే ఈయన వద్దన్నారు."

రాంబాబు నవ్వాడు. మాట మీద నిలబడే మనిషి వాడు, నా కొడుకు కదా. వ్యాపారితో, "లేదండీ, అమ్మడం లేదు" అన్నాడు. ఆయన తాడు భుజాన వేసుకుని, కారువైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. కారుకు ఆ వాసన ఇంకా వదల్లేదేమో, పోతూ పోతూ గేటు దగ్గర గాలి పీల్చి, "గారెలు వండుతున్నారా?" అని అడిగాడు.

కారు గెలిచింది. దాని గురించి ఇక మాటల్లేవు, ఇవాళ్టికీ అది మా కొట్టంలోనే ఉంది. కందెన మాట కూడా సామ్రాజ్యం రాంబాబుకు చెప్పలేదు. ఒక పని మాత్రం చేసింది. కొట్టంలోకి పోయి, పీట ఎక్కి, దూలానికున్న వెదురు గొట్టాన్ని దించింది. నేను చూస్తుండగానే తీసుకెళ్ళి నీళ్ళకాగు కింద పొయ్యిలో పెట్టింది. మా నాన్నదని అందామనుకునేలోపే అంటుకుంది.

ఆ సాయంత్రం నా స్నానానికి నీళ్ళు ఎన్నడూ లేనంత తొందరగా కాగాయి. కందెన బేరింగుకు పనికిరాదేమో గాని, మంటకు దాన్ని మించింది లేదు. ఈ సంగతి మాత్రం నా పుస్తకంలో కూడా లేదు.